మన్ను తీసే దినం

మా దేవుడు ఏడాదికోసారి పూడిపోతడు.
శ్రావణంల ప్రాణహిత గడప దాటి లోపలికొస్తది,
చుట్టం లెక్క నాలుగు దినాలుంటది,
పోతూ పోతూ మోకాలిలోతు మన్ను విడిచిపోతది.
నంది మూపురం దాకా ఒండ్రు.
మల్లన్న అసలే కనపడడు.

దీపావళి పోయిన మొదటి సోమవారం
సిరొంచ దిక్కు నుంచి, గట్టు మీది గూడేల నుంచి
గంపలు పట్టుకొని దిగేటోళ్లం.
గుళ్లెకు పార రావద్దు, గడ్డపార రావద్దు,
చేతులతోనే తియ్యాలె.
ఆయన నెత్తి ఎక్కడ తగులుతదో తెల్వదు గద.
ఎవరి వేలికి ముందుగాల
సల్లగ, గుండ్రంగ రాయి తగిలితే
వాళ్లు "దొరికిండు!" అని ఒర్రాలె.
ఆ ఏడు మొదటి వల వాళ్లది.

నా తొమ్మిదో ఏట నాకు దొరికిండు.
నేను ఒర్రలే.
కొంచెంసేపు నా ఒక్కదానికే ఉండనీ అని
మన్ను కింద అరచెయ్యి అట్లనే పెట్టి కూసున్న.

తీసిన మన్ను పారబొయ్యరు.
ఇంటికో గంప.
మిరపనారుకు, పొయ్యి అలుకుడుకు,
బాలింత ఉన్న ఇంటి గడపకు.
మా బానవ్వయితే చిటికెడు నోట్ల ఏసుకునేది.
"ఈసారి ఇసుక ఎక్కువ, పెసలు పండయి" అనేది.
పండకపోయేటివి.
ఒక్కోసారి పండేటివి కూడా.

గడప రాయి మీద నాలుగు వరుసల అక్షరాలుండేవి.
నాగపూర్ నుంచి ఒక సారు వచ్చి
కాగితం పరిచి, మసి రుద్ది, చుట్టుకొని పోయిండు.
జవాబు రాలే.
మేం బడిల మరాఠీ చదివినోళ్లం,
ఇంట్ల తెలుగు మాట్లాడేటోళ్లం,
ఆ రాయిది రెండూ కాదు.
బానవ్వ మాత్రం కండ్లు మూసుకొని వేలితో చదివేది.
ఒక ఏడు "వానలు ఎనకకొస్తయి" అని రాసుందట.
ఒక ఏడు "ఓదేలు గంగమ్మ బాకీ తీర్చలే" అని.
తెల్లారేసరికి ఓదేలు మామ తీర్చిండు.

తర్వాత దిగువన కట్ట కట్టిండ్రు.
ఇప్పుడు నది వచ్చిపోయే చుట్టం కాదు,
ఇల్లరికం వచ్చింది.
దీపావళి పోయింది, కార్తీకం పోయింది,
మాఘం సగమైంది,
గంపలు చూరులనే ఉన్నయి.
తహసీల్ ఆఫీసుల సాత్‌బారా కాగితం మీద
మల్లన్న పేర రెండెకరాలు ఇంకా ఉన్నయి.
పంట అనే గడిల
"పాణీ" అని రాసిండ్రు.

శివరాత్రికి మూడు పడవలు కట్టినం.
ఏడ ఆపాలె?
గోపురం లేని గుడి, నీళ్లకు ఆనవాలు లేదు.
ఓదేలు మామ లేచి నిలబడి ఒక కన్ను మూసిండు.
అవతలి గట్టు మీది జంట తాళ్లను
వాటెనక సెల్ టవర్‌తో కలిపిండు,
ఇవతలి ఒంటి తుమ్మను
ఠాణా జెండాకట్టెతో కలిపిండు.
రెండు చూపులు కోసుకునే కాడ తెడ్డు ఎత్తిండు.
"ఇగో, నెత్తి మీదున్నం."

పడవలనే
అందరం గబుక్కున చెప్పులు ఇడిసినం.

జంగం శరభయ్య మారేడాకు ఏసిండు.
అది మునగలే,
తిరుక్కుంటు తిరుక్కుంటు తెలంగాణ దిక్కు పోయింది.
కొబ్బరికాయ లంగరు రాయి మీద కొట్టినం.
నీళ్లకు నీళ్లే పోసినం, అదే అభిషేకం.
పిలగాండ్లు వంగి తొంగి చూసిండ్రు,
వాళ్ల మొఖాలే కనిపించినయి.

నేను వెదురు గడ దించిన.
ఒక నిలువు. రెండు నిలువులు.
చేతికి ఆగినట్టు తెలిసింది,
రాయో, మన్నో, ఏం చెప్తం.
గుంజితే గడ కొసకు పిడికెడు ఒండ్రు.

పదిహేడిండ్లు. ఇంటికో చిటికెడు.
నారుమడికి చాలదు, పొయ్యికి చాలదు,
కొంగుల కట్టుకున్నరు.
నా వంతు నేను నోట్ల ఏసుకున్న.

ఇసుక లేదు. ఒట్టి జిగురు.
అట్లయితే ఏం పండుతదో
బానవ్వ నాకు నేర్పకనే పోయింది.